తొలి తెరచాప

నీటిని చూసినప్పుడు మనిషికి రెండు భావాలు కలుగుతాయి. ఒకటి భయం, రెండవది ఆవలి ఒడ్డును చూడాలనే ఆకాంక్ష. భయాన్ని ఆకాంక్ష జయించిన నాడు పడవ పుట్టింది. తెడ్డు వేసే చేతికి అలసట ఉంది కాని వీచే గాలికి లేదని గ్రహించిన నాడు తెరచాప పుట్టింది. ఈ గ్రహింపు తెలుగువారికి కొత్తది కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత ఆచారాన్ని మాన్పి, నావికులకు ధైర్యం చెప్పింది.

అయితే ఆ ఓడలన్నీ వ్యాపారానికో యుద్ధానికో నడిచినవి. ఏ సరుకూ మోయకుండా, ఏ రేవుకూ పోవలసిన పని లేకుండా, కేవలం గాలితో స్నేహం చేయడానికి ఒక సామాన్య కుటుంబం చిన్న తెరచాప పడవను సొంతం చేసుకోవడం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన పరిణామం. ఆ పరిణామానికి ఇంగ్లండులో కేంద్రంగా నిలిచింది ‘మిర్రర్ డింగీ’ అనే బుల్లి పడవ. డింగీ అనే మాట మన భారతీయ భాషల్లోని ‘డింగి’ నుంచే ఆంగ్లంలోకి వెళ్లింది. చిన్న పడవ అని దాని అర్థం.

సామాన్యుని చేతికి అందిన పడవ

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత కూడా బ్రిటన్‌లో తెరచాప పడవల విహారం చాలావరకు కలిగినవారి వినోదంగానే ఉండేది. పడవ ధర ఎక్కువ. దానిని నిలిపి ఉంచడానికి రేవులో చోటు కావాలి. నిపుణులైన వడ్రంగులు తప్ప ఇతరులు పడవను నిర్మించలేరనే నమ్మకం బలంగా ఉండేది. సముద్రం నలువైపులా చుట్టి ఉన్న దేశంలో సామాన్యుడు ఒడ్డున నిలబడి ఇతరుల తెరచాపలను చూడడంతోనే తృప్తిపడవలసి వచ్చేది.

ఈ స్థితిని మార్చాలని ఇద్దరు పూనుకున్నారు. ఒకరు జాక్ హోల్ట్. చిన్న పడవల రూపకల్పనలో అప్పటికే పేరు పొందినవాడు. రెండవవారు బారీ బక్‌నెల్. ఇంట్లోని చిన్న చిన్న పనులు ఎవరికి వారే చేసుకునే పద్ధతిని బి.బి.సి. టెలివిజన్‌లో ప్రేక్షకులకు నేర్పినవాడు. ఒకరికి నీటి స్వభావం తెలుసు, మరొకరికి నిపుణుడు కాని మనిషి చేతుల స్వభావం తెలుసు. ‘డైలీ మిర్రర్’ అనే పత్రిక వీరికి అండగా నిలిచింది. పడవకు ఆ పత్రిక పేరే వచ్చింది. 1963లో లండన్ పడవల ప్రదర్శనలో ఈ పడవ ప్రజల ముందుకు వచ్చినప్పుడు దాని ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అది తయారైన పడవ ధర కాదు. పడవ కావడానికి కావలసిన చెక్కముక్కలు, తీగలు, జిగురు, తెరచాపలు ఉన్న సామగ్రి మూట ధర. మిగిలినది కొన్నవారి చేతిపని.

పడవ పొడవు 3.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.4 మీటర్లు. ఖాళీ పడవ బరువు 45 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ముందుభాగం ఇతర పడవల వలె మొనదేలి ఉండదు, కోసినట్లు చదునుగా ఉంటుంది. చెక్కను వంచి కొసకు చేర్చడం కొత్తవారికి కష్టమైన పని గనుక ఆ కష్టాన్ని రూపకర్తలు తొలగించారు. తెరచాపలకు ఎర్రని రంగు వేయించారు. దూరంనుంచి చూసినవారెవరైనా ‘అది మిర్రర్’ అని గుర్తుపట్టేవారు.

కుట్టిన పడవ

ఈ పడవ నిర్మాణ పద్ధతి తెలుగు విద్యార్థులకు సులభంగా అర్థమవుతుంది. మోదుగాకులను పుల్లలతో కుట్టి విస్తరి చేయడం మన పల్లెల్లో అనాదిగా ఉన్న పని. ఆకులు వేటికవే విడివిడిగా ఉన్నప్పుడు వాటిలో అన్నం నిలవదు. కుట్టిన తరువాత విందు భోజనం నిలుస్తుంది. మిర్రర్ పడవ కూడా అటువంటి కుట్టుపనే.

నీటికి చెడని ప్లైవుడ్ పలకలను ముందుగా కొలత ప్రకారం కోసి ఇస్తారు. వాటి అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాలు చేసి, రాగితీగతో ఒకదానికొకటి కుట్టాలి. తీగను బిగించే కొద్దీ చదునైన పలకలు వంగి పడవ ఆకారాన్ని పొందుతాయి. తరువాత అతుకుల మీద గాజునార పట్టీని పరచి రెసిన్ అనే జిగురు పూస్తారు. అది ఎండి గట్టిపడిన తరువాత బయటికి కనిపించే తీగలను కత్తిరిస్తారు. పడవను పట్టి ఉంచే బలం ఇక ఆ గాజునార అతుకులదే.

మన కోరమాండల్ తీరంలో కొబ్బరిపీచు తాళ్లతో పలకలను కుట్టి చేసిన ‘మసూలా’ పడవలు శతాబ్దాలపాటు కెరటాల్ని దాటి ఓడల సరుకును ఒడ్డుకు చేర్చాయి. మేకు కొట్టిన పడవ అలల తాకిడికి పగిలే చోట, కుట్టిన పడవ ఒకింత వంగి నిలిచేది. రెండు దేశాల పనివారూ ఒకరినొకరు ఎరుగకపోయినా, పలకను పలకతో కుట్టవచ్చుననే ఆలోచన ఇద్దరికీ తట్టింది.

ఇంటి వసారాలోనో కారు నిలిపే గదిలోనో కొన్ని వారాలపాటు సాగే ఈ పనిలో కుటుంబమంతా పాల్గొనేది. తండ్రి తీగ బిగిస్తే తల్లి జిగురు కలిపేది, పిల్లలు గరుకు కాగితంతో చెక్కను నునుపు చేసేవారు. కొలత తప్పితే ఒకరినొకరు నిందించుకోవడమూ ఉండేది. అయినా పని ముగిసిన రోజున ఆ పడవలోని ప్రతి అతుకు వెనుక ఎవరి చెయ్యి ఉన్నదో అందరికీ తెలిసి ఉండేది. అంగడిలో కొన్న వస్తువుకు లేని విలువ ఆ పడవకు వచ్చేది ఇందువల్లనే.

పడవను కారు పైకప్పు మీద కట్టి తీసుకుపోవచ్చు. రేవులో చోటు అక్కరలేదు. తెరచాప స్తంభం పొడవైనదైతే దారిలో ఇబ్బంది కలుగుతుంది కాబట్టి రూపకర్తలు దానినీ ఆలోచించారు. కింద పొట్టి స్తంభం ఉంటుంది. దాని వెంట పైకి జరిగి నిటారుగా నిలిచే మరొక కొయ్య తెరచాపను ఎత్తిపట్టుకుంటుంది. ప్రయాణ సమయంలో ఈ కొయ్యలన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి. ఇప్పటివరకు నిర్మితమైన మిర్రర్ పడవల సంఖ్య 70,000 దాటింది. ఒకప్పుడు ఒడ్డున నిలబడి చూసిన వేలాది కుటుంబాలు నీటి మీదికి వచ్చాయని దీనివల్ల తెలుస్తుంది.

గాలికి ఎదురు నడక

కొత్త యజమానులకు తొలిరోజు కలిగే ఆశ్చర్యం ఒకటి ఉంది. గాలి వెనుకనుంచి వీస్తే పడవ ముందుకు పోవడంలో వింత లేదు. ఎండుటాకు కూడా అలాగే పోతుంది. గాలి పక్కనుంచి వీస్తున్నప్పుడు, ఒకింత ఎదురుగా వీస్తున్నప్పుడు కూడా పడవ ముందుకు పోవడమే వింత.

దీనికి కారణం తెరచాప వంపులో ఉంది. గాలి ఆ వంపు మీదుగా ప్రవహించినప్పుడు వెలుపలి వైపున పీడనం తగ్గుతుంది, లోపలి వైపున ఎక్కువగా ఉంటుంది. ఈ భేదం వల్ల పుట్టిన బలం పడవను చాలావరకు పక్కకు, కొంతమేరకు ముందుకు నెడుతుంది. పడవ మధ్యభాగంనుంచి నీటిలోకి దించిన పలక ఒకటి ఉంటుంది. అది పక్కకు జరగనీయకుండా పడవను నిలువరిస్తుంది. పక్కదారి మూసుకుపోయినందున పడవ ముందుదారి పడుతుంది. తడిసిన చింతగింజను రెండు వేళ్లమధ్య నొక్కితే అది వేళ్లలోకి దిగిపోదు, ముందుకు ఎగిరి పడుతుంది. తెరచాప ఒక వేలు, నీటిలోని పలక రెండవ వేలు, పడవ చింతగింజ.

గాలిపటాన్ని గురించి ఆలోచించినా ఈ విషయం బోధపడుతుంది. దారం తెగిన పటం గాలి ఎటు తీసుకుపోతే అటు కొట్టుకుపోతుంది. దారం ఉన్న పటమే గాలిని ఎదుర్కొని పైకి లేస్తుంది. పడవకు నీటిలోని పలక దారం వంటిది. పట్టి ఉంచేది ఒకటి ఉన్నప్పుడే ఎదురీత సాధ్యమవుతుంది.

అయితే గాలి వచ్చే దిక్కుకు సూటిగా ఏ తెరచాప పడవా పోలేదు. ఆ దిక్కుకు ఇరువైపులా సుమారు 45 డిగ్రీల మేర పడవకు నిషిద్ధ ప్రాంతం. అటువైపు గమ్యం ఉంటే వంకరదారి పట్టాలి. కొంతదూరం కుడివాటుగా, మలుపు తిరిగి మరికొంతదూరం ఎడమవాటుగా నడిపించాలి. తిరుమల కొండకు పోయే రహదారి నిటారుగా ఎక్కదు, మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. పడవ కూడా గాలి అనే కొండను అలాగే ఎక్కుతుంది. మలుపులు తిరిగినందువల్ల గమ్యం తప్పిపోయినట్లు కాదు.

చుక్కాని పట్టినవారు దిశను చూసుకుంటారు. రెండవవారు ముందరి చిన్న తెరచాప తాడును పట్టుకొని, పడవ ఒరిగినప్పుడు తమ శరీరభారంతో దానిని సమం చేస్తారు. మలుపు తిరిగే క్షణంలో ఇద్దరూ ఒకేసారి తల వంచి అవతలి వైపుకు జరగాలి. ఒకరు ఆలస్యం చేస్తే తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య తలకు తగులుతుంది. తొలిరోజుల్లో ప్రతి మలుపు ఒక వాదులాటతో ముగుస్తుంది. కొన్ని వారాలు గడిచిన తరువాత మాట అక్కరలేకుండానే ఇద్దరూ కదులుతారు. భార్యాభర్తలైనా, తండ్రీకొడుకులైనా ఒకరి కదలికను మరొకరు గమనించడం అలవాటు చేసుకున్నారన్నమాట. ఇంట్లో ఎప్పుడూ చుక్కాని పట్టే తండ్రి, పడవలో పదేళ్ల కూతురి ఆజ్ఞకు తల వంచవలసి వచ్చే సందర్భాలు కూడా వస్తాయి. ఆ వయసులో ఒక బిడ్డకు లభించే గౌరవాల్లో అది చిన్నదేమీ కాదు.

నీటి మీది ధర్మం

ఆనందం ఎంత ఉన్నా నీరు నీరే. చిన్న పడవ ఎప్పుడో ఒకసారి బోర్లపడక మానదు. కాబట్టి శిక్షకులు దానిని ప్రమాదంగా దాచిపెట్టరు, పాఠంగా మొదటనే నేర్పుతారు. ఒడ్డుకు దగ్గరగా, పర్యవేక్షణలో, కావాలనే పడవను బోర్లవేసి మళ్లీ నిలబెట్టిస్తారు. మిర్రర్ పడవలో గాలి నిండిన మూతగదులు ఉంటాయి గనుక అది మునిగిపోదు. నీటిలో పడినవారు పలక మీద బరువు వేసి, పడవ అంచును పట్టి లాగితే అది తిరిగి లేస్తుంది. ఈదగలిగినవారు సైతం పడవను విడిచి ఒడ్డుకు ఈదడానికి ప్రయత్నించరాదన్నది ఇక్కడి ముఖ్య నియమం. దూరంనుంచి చూసే రక్షకులకు మనిషి తల కనిపించదు, పడవ కనిపిస్తుంది.

ప్రాణరక్షక కవచం ధరించడం రెండవ నియమం. దానిని పడవలో పెట్టుకుంటే చాలదు, ఒంటికి కట్టుకోవాలి. నీటిలో పడిన తరువాత దానిని వెదకి తొడుక్కునే వ్యవధి ఉండదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి నదిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. అది తెరచాప పడవ కాదు, ఇంజనుతో నడిచే పెద్ద పడవ. అయినా పడవ చిన్నదైనా పెద్దదైనా, ప్రవాహం పట్ల నిర్లక్ష్యానికి చెల్లించవలసిన మూల్యం ఒక్కటేనని ఆ రోజు తెలుగునాడు కన్నీటితో తెలుసుకుంది. వాతావరణ సూచన విననిదే బయలుదేరకపోవడం, ఎక్కడికి పోతున్నదీ ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పి పోవడం, మోయగలిగినంతమందినే ఎక్కించుకోవడం అనేవి పిరికితనం కింద లెక్కకు రావు. అవి నావికుని వివేకం.

నీటి మీద గీసిన దారులు లేవు. కాని కట్టుబాట్లు ఉన్నాయి. రెండు తెరచాప పడవలు ఎదురైనప్పుడు కుడివైపునుంచి గాలి అందుకుంటున్న పడవకు, ఎడమవైపునుంచి అందుకుంటున్న పడవ దారి ఇవ్వాలి. రెండింటికీ ఒకే వైపునుంచి గాలి వస్తుంటే, గాలికి ముందు ఉన్న పడవ రెండవదానికి దారి వదలాలి. ముందు ఉన్న పడవకు గాలి నిండుగా దొరుకుతుంది, రెండవదానికి అది అడ్డుపడుతుంది. అనుకూలత ఎక్కువగా ఉన్నవారిదే సర్దుకోవలసిన బాధ్యత అన్న ధర్మం ఈ నియమంలో ఉంది. అది నీటికే పరిమితమైన ధర్మం కాదు.

ఎనిమిది అడుగుల పడవనుంచి భూప్రదక్షిణం వరకు

తొలి చిన్న పడవ ఒక జీవితాన్ని ఎంతదూరం తీసుకుపోగలదో తెలుసుకోవడానికి ఎలెన్ మెకార్థర్ కథ మంచి ఉదాహరణ. ఆమె 1976లో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో జన్మించింది. ఆ ప్రాంతానికి సముద్రతీరం లేదు. నాలుగేళ్ల వయసులో పినతల్లి వరుసైన బంధువు ఆమెను తొలిసారి తెరచాప పడవ ఎక్కించింది. ఆనాటినుంచి ఆ పిల్లకు పడవే ధ్యాస. బడిలో మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఇచ్చిన డబ్బులో తక్కువ ఖర్చు చేసి, మిగిలినది సంవత్సరాల తరబడి కూడబెట్టింది. అలా కూడిన సొమ్ముతో ఎనిమిది అడుగుల చిన్న పడవను కొనుక్కుంది. దానికి ‘థ్రెప్నీ బిట్’ అని పేరు పెట్టుకుంది. మూడు పెన్నీల నాణెమని దాని అర్థం. చిల్లర నాణేలతో సాధించిన పడవకు చిల్లర నాణెం పేరే తగినదని ఆమెకు తోచి ఉండవచ్చు.

1995లో ఆమె 21 అడుగుల పడవలో ఒంటరిగా బ్రిటన్ చుట్టివచ్చింది. 2005 ఫిబ్రవరిలో 75 అడుగుల పడవలో 71 రోజుల 14 గంటలకు పైగా సాగిన ఒంటరి భూప్రదక్షిణాన్ని పూర్తిచేసి అప్పటికి ప్రపంచరికార్డు నెలకొల్పింది. ఆ తరువాతి ఘట్టం ఇంకా గమనింపదగినది. పడవలో తీసుకుపోయిన అన్నం, ఇంధనం అయిపోతే నడిసముద్రంలో మరి దొరకవు. ఉన్నదానితోనే గమ్యం చేరాలి. భూమి కూడా అటువంటి పడవేనని, దాని వనరులూ పరిమితమేనని ఆమె ఆలోచన సాగింది. పందేలు మానుకొని, వాడిన వస్తువును పారవేయకుండా మళ్లీ మళ్లీ వినియోగంలోకి తెచ్చే ఆర్థికవిధానాన్ని ప్రచారం చేయడానికి 2010లో ఆమె తన పేర ఒక సంస్థను ప్రారంభించింది. భోజనపు డబ్బును పొదుపు చేసిన బాలికకు వనరుల పొదుపు ముఖ్యమనిపించడంలో ఆశ్చర్యం లేదు.

మన చెరువులో తెరచాపలు

తెలుగునాట కూడా ఈ చిన్న పడవల సందడి ఉంది. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో నిర్మితమైన హుస్సేన్ సాగర్‌లో సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ తెరచాప పడవల పోటీలను నిర్వహిస్తూ వచ్చింది. హైదరాబాదు యాట్ క్లబ్ పేదకుటుంబాల పిల్లలకు పడవ నడపడం నేర్పి, వారిని పోటీలకు పంపుతున్నది. ఆ పిల్లలు తొలుత ఎక్కే పడవ పేరు ‘ఆప్టిమిస్ట్’. ఆశావాది అని దాని అర్థం. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో పిల్లలకోసం, తక్కువ ఖర్చుతో తయారయ్యేలా దానిని రూపొందించాడు. 2.3 మీటర్ల పొడవున్న ఆ పడవలో ఒక్కరే కూర్చుంటారు. పదిహేనేళ్లలోపు పిల్లలు దానిలో పందేలకు దిగుతారు.

ఇరుకు ఇంట్లో పెరిగిన బాలిక ఆ పడవలో కూర్చున్న క్షణాన ఒక నౌకకు అధినేత్రి అవుతుంది. గాలి ఆమె తండ్రి సంపాదన ఎంతని అడగదు, ఆమె చదివే బడి ఏదని విచారించదు. తాడు సరిగా పట్టినదా లేదా అన్నదే చూస్తుంది. అయితే నగరం వదిలే మురుగుతో హుస్సేన్ సాగర్ నీరు దశాబ్దాలుగా మలినమవుతూ వచ్చింది. పడవ బోర్లపడిన బిడ్డ ఆ నీటిలోనే పడాలి. చెరువును చిత్రపటంలా దూరంనుంచి చూసేవారికి పట్టని ఈ మాట, దానిలో పడవ నడిపే పిల్లలకు పడుతుంది. నీటితో చెలిమి చేసినవారికే నీటి శుభ్రతపై నిజమైన పట్టింపు కలుగుతుంది. ఇంకా ఎక్కువమంది పిల్లలు పడవలెక్కితే చెరువుల పక్షాన మాట్లాడేవారు కూడా పెరుగుతారు.

ముగింపు

తొలి తెరచాప పడవను సొంతం చేసుకున్నవారు రేవునుంచి ఎంతోదూరం పోరు. ఒక చెరువునో, ఒక కాలువనో, తీరం కనుచూపు దాటని ఒక పాయనో చుట్టి సాయంకాలానికి తిరిగివస్తారు. వచ్చిన తరువాత తెరచాపను మంచినీటితో కడిగి ఆరవేస్తారు, పడవలో నిలిచిన నీటిని తోడుతారు, తాళ్లను చుట్టి పెడతారు. చేతులకు బొబ్బలు, ఒంటికి తడి, ముఖానికి ఎండ. ఇంతకుమించి వారు తెచ్చుకున్నది కంటికి కనిపించదు.

అయినా ఆ ఒక్క రోజులో వారు నేర్చినది చాలా ఉంది. గాలిని ఆజ్ఞాపించలేమని, తెరచాపను మాత్రం సవరించుకోగలమని తెలుసుకున్నారు. సూటిదారి లేనప్పుడు మలుపుల దారిలోనైనా గమ్యం చేరవచ్చునని చూశారు. పక్కనున్నవారి బరువు తనకు భారమని అనుకున్నవారు, పడవ ఒరిగినప్పుడు ఆ బరువే తమను నిలబెట్టిందని గ్రహించారు. తమ చేతులతో కుట్టుకున్న పది అడుగుల పడవ ఈ పాఠాలన్నీ చెప్పగలిగింది. మరునాటి ఉదయం వారు కిటికీ తెరిచి, ఆకాశాన్ని కాక, ఎదురింటి చెట్టుకొమ్మలను ముందు చూస్తారు. గాలి ఎటునుంచి వీస్తున్నదో ఆ కొమ్మలు చెబుతాయి.